తొమ్మిది స్పాంజి ముక్కలు

మూతపడ్డ బడి ఈతకొలనులోంచి అడిగి తెచ్చిన
ఆకుపచ్చ స్పాంజి గొట్టాన్ని
రొట్టె కోసే కత్తితో తొమ్మిది ముక్కలు చేశాను.
ఒక్కో గుంటలో ఒక్కటి కుక్కాను.
ఇక బంతి లోపలికి పోదు.
గడప దగ్గరే ఆపేసిన చుట్టంలా
అంచు మీద నిలబడుతుంది.

నా పేరు ఇన్నెస్.
స్కాట్లాండ్ ఉత్తరపు కొసన
సముద్రానికీ గొర్రెలకీ మధ్య ఇరుక్కున్న
ఈ గోల్ఫ్ మైదానంలో
ఇరవై రెండేళ్ళుగా గడ్డి కోస్తున్నాను.
ఆ వసంతంలో రెండు నెలలు ఎవరూ రాలేదు.
ఎవరూ తొక్కని గడ్డిని కోస్తుంటే
ఎవరూ తినని వంట చేస్తున్నట్టుండేది.

మే ఆఖర్లో తాడు విప్పాం.
కార్యదర్శి ఈఫీ మోవట్
అట్టముక్క మీద కట్టడులు రాసి గేటుకి మేకు కొట్టింది.
జెండా కర్ర ముట్టకండి.
ఎవరి బంతి వాళ్ళే తీసుకోండి.
ఎవరి లెక్క వాళ్ళే రాసుకోండి.
మొదట్లో మరీ పెద్దగా రాసిందేమో,
చేతులు కలపొద్దన్న మాట
చివర్న చోటు చాలక
చీమల బారై అంచు వెంట పైకి పాకింది.

జెండా కర్ర మడి కట్టుకుంది.
బంతులు కడిగే డబ్బాకి చెత్తసంచీ ముసుగు.
బెంచీని బోర్లా తిప్పాను, కాళ్ళు ఆకాశానికి.
ఇసుక సర్దే దంతెలన్నీ ఏరి నా కొట్టంలో పడుకోబెట్టాను.
బ్యాంకు మేనేజరంతటి వాడు
ఇసుకలో తన అడుగుల్ని తనే
కోడిలా కాలితో గీరి చెరుపుకునేవాడు.
నవ్వకూడదు. నవ్వాను.
ముక్కూ మూతీ గుడ్డలో ఉన్నాయి కదా, ఎవరికి తెలుస్తుంది!

పొద్దున ఆరింటికి ఆసుపత్రి నుంచి
తిన్నగా ఇటే వచ్చేది నర్సు ఉనా.
ఒక్కతే. మూడు గుంటలాడి వెళ్ళిపోయేది.
నేను గేటు దగ్గర పెట్టిన సీసా వంక చూసేది కాదు.
ఓ రోజు తనే అంది:
"రాత్రంతా ఈ చేతులు అదే తాగాయి."
వేళ్ళ కణుపుల దగ్గర చర్మం
ఎండిన చెరువు మట్టిలా పగిలి ఉంది.

ఇక ఫార్కర్, టార్‌క్విల్.
ఒకడు చేపల పడవ అమ్ముకున్నవాడు,
ఒకడు పోస్టుమాన్‌గా దిగిపోయినవాడు.
పదకొండేళ్ళ కిందట, మూడో గుంట దగ్గర, ముళ్ళపొదలో,
"నీ బంతి కదిలింది."
"కదల్లేదు."
అంతే.
అయినా ప్రతి శనివారం కలిసే ఆడతారు,
వాళ్ళంత నత్తనడక ఇంకెవరికీ చేతకాదు మరి.
ఆట అయ్యాక చేతులు మాత్రం కలపరు.
జేబుల్లో పెట్టుకుని చెరో దారి.
ఆ వేసవిలో ఊరు ఊరంతా వాళ్ళలాగే ఆడింది.

జూన్‌లో ఓ శనివారం, తొమ్మిదో గుంట.
ఫార్కర్ కొట్టిన బంతి దొర్లుకుంటూ పోయి
స్పాంజికి తగిలి
ఎగిరి జానెడు ఇవతల పడింది.
పడ్డట్టా? పడనట్టా?
ఈఫీ అట్ట మీద దాని గురించి లేదు.
నేను మిషన్ ఆపేశాను.
గాలి కూడా ఒకవైపు మొగ్గినట్టు లేదు.

టార్‌క్విల్ ముక్కు తుడుచుకోబోయి, మానుకుని,
"పడింది" అన్నాడు.

ఫార్కర్ చెయ్యి దానంతటదే ముందుకొచ్చింది.
సగం దారిలో దానికి చీమల బారు గుర్తొచ్చింది.
కాసేపు గాల్లో అలాగే వేలాడి
జేబులోకి పోయి
చిన్న సీసాతో తిరిగొచ్చింది.
సీసాని గడ్డి మీద పెట్టి
రెండు జెండా కర్రలంత వెనక్కి జరిగాడు.
టార్‌క్విల్ వంగాడు, మోకాళ్ళు నాకు వినపడ్డాయి.
రెండు చుక్కలు నొక్కి, సీసా అక్కడే పెట్టి, వెనక్కి.
తర్వాత ఇతను.
ఎదురెదురుగా నిలబడి
ఎవరి చేతులు వాళ్ళే
గట్టిగా, చాలాసేపు
కలుపుకున్నారు.

కట్టడులు ఎత్తేసిన రోజు
వంగి వంగి ముక్కలన్నీ పీకాను.
ఎనిమిదే దొరికాయి.
తొమ్మిదో గుంటలో చెయ్యి పెడితే
చల్లటి తడి, ఒక నత్త.
ఎవరు పట్టుకుపోయారో నేనడగలేదు.
శనివారం ఇద్దరూ వచ్చారు
ఎప్పట్లాగే నింపాదిగా,
వెనకవాళ్ళ ప్రాణం తీస్తూ.